చీకటి గదిలో భోజనం: మన వినోదమా, వారి పనితనమా?

చూపు లేనివారు వడ్డించే చీకటి రెస్టారెంట్‌కు డబ్బు కట్టి వెళ్లడమంటే, వారి లోపాన్ని మన కాలక్షేపంగా మార్చుకోవడమే కదా అని మీరు అడిగారు. న్యాయమైన సందేహమే. హైదరాబాద్ మాదాపూర్‌లోని ఇనార్బిట్ మాల్‌లో ‘డైలాగ్ ఇన్ ద డార్క్’ అనే సంస్థ వారి చీకటి రెస్టారెంట్ ‘టేస్ట్ ఆఫ్ డార్క్‌నెస్’లో మా కుటుంబమంతా భోంచేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను. అంధత్వం ఎలా ఉంటుందో తెలుసుకుందామని మాత్రం వెళ్లకండి. అలవాటు లేని చీకట్లో మొదటి పది నిమిషాలు మనకు కలిగే కంగారునే చూపు లేనివారి జీవితమనుకుని బయటికి వస్తే, వారి పట్ల జాలి పెరుగుతుందే తప్ప గౌరవం పెరగదు. పని బాగా వచ్చినవారు పని చేస్తుంటే దగ్గరుండి గమనించాలని ఉంటే తప్పకుండా వెళ్లండి.

లోపలికి వెళ్లే ముందు ఫోన్లు, వెలుగు వచ్చే గడియారాలు లాకర్లో పెట్టించారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, అందరికంటే ముందున్న, చూపు లేని గైడ్ వెంట వరుసగా నడిచాం. రెండడుగులు వేయగానే మా అమ్మ భయపడి ఆగిపోయింది. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆయన అడుగుల చప్పుడు తేడాను పసిగట్టి, వెనక్కి వచ్చి, “అమ్మా, తొందరేం లేదు, నా చెయ్యి పట్టుకోండి” అన్నారు. కూర్చోబెట్టేటప్పుడు ముందు కుర్చీ వీపును, తరువాత బల్ల అంచును, ఆ తరువాత గ్లాసును ఆమె చేతికి తాకించి చూపించారు. పళ్లెంలో ఏది ఎక్కడుందో గడియారం అంకెల ప్రకారం చెప్పారు: మూడు దగ్గర కూర, తొమ్మిది దగ్గర అన్నం. నీళ్లు పోసేటప్పుడు గ్లాసు నిండుతున్న చప్పుడు మారడం వింటూ సరిగ్గా అంచుకు కాస్త కిందనే ఆపేవారు. ఒక్క చుక్క బల్ల మీద పడలేదు. మేమైతే ఖాళీ చెంచాలు నోటిదాకా తీసుకువెళ్లి, చివరికి వాటిని పక్కన పెట్టి చేత్తో కలుపుకుని తిన్నాం. అప్పుడు గానీ భోజనం సాగలేదు. కూరలో ఉన్నది పనీరా, బంగాళాదుంపా అని మా పిల్లలు వాదించుకుంటుంటే, అమ్మ మాత్రం వాసనతోనే తేల్చేసింది.

ఇందులో మీ సందేహానికి సంబంధించిన విషయం ఒకటుంది. వింతగా చూడడానికి ఆ గదిలో ఎవరూ కనిపించరు. మనం ఆధారపడేది వారి మీద, దారి తెలిసినది వారికి, తొట్రుపడేది మనం. ఈ ఆలోచన జర్మనీలో పుట్టింది. రేడియోలో పనిచేస్తూ, చూపు కోల్పోయిన ఒక సహోద్యోగిని దగ్గరగా చూసిన ఆండ్రియాస్ హైనెకె 1988లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో, చూపు లేనివారు సందర్శకులను చీకట్లో తిప్పి చూపించే మొదటి ప్రదర్శన ఏర్పాటు చేశారు. ‘డైలాగ్ ఇన్ ద డార్క్’ అలా మొదలైనదే. 1999లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ‘బ్లిండెకూ’ అనే చీకటి రెస్టారెంట్ మొదలైంది. వీటన్నిటిలోనూ చూపు లేకపోవడం ఉద్యోగానికి అడ్డంకి కాదు, అక్కడ కావలసిన నేర్పు వారికే ఎక్కువ.

ఉద్యోగం అన్న మాట నొక్కి చెబుతున్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు లోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం, అందులో అంధులకు, చూపు తక్కువగా ఉన్నవారికి 1 శాతం కేటాయించింది. ప్రైవేటు సంస్థల విషయంలో మాత్రం ప్రోత్సాహకాల మాటే తప్ప ఇంతమందిని తీసుకోవాల్సిందేనన్న నిబంధన లేదు. కాబట్టి ఇలాంటి చోటికి వెళ్లినప్పుడు నేను గమనించేది ఒకటే: వడ్డన దగ్గరే ఆపేశారా, లెక్కలు, శిక్షణ, పర్యవేక్షణ కూడా వారికి అప్పగించారా అని. మీరూ అడగండి, అడగడంలో తప్పేమీ లేదు.

వెళ్తే రెండు విషయాలు మనసులో పెట్టుకోండి. “మీకు చూపు ఎప్పుడు పోయింది” అని అడగకండి. ఏ హోటల్లోనైనా వడ్డించేవారిని మనం అడగని ప్రశ్న అది. ఉప్పు ఎక్కువైతే మొహమాటపడకుండా చెప్పండి. జాలితో ఊరుకుంటే వారిని పని తెలిసినవారిగా చూడనట్టే.

ఇంత చెప్పినా చీకటి భోజనం మీకు ఇబ్బందిగానే అనిపిస్తే, మామూలు వెలుతురులో మామూలుగా నడిచే చోట మొదలుపెట్టండి. అలీనా ఆలం 2017లో కర్ణాటకలోని హుబ్బళ్లిలో మొదలుపెట్టిన ‘మిట్టీ కేఫ్’ వికలాంగులతోనే నడుస్తుంది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ప్రాంగణంలోనూ ఒకటి తెరిచారు. బెంగళూరులోనూ మిట్టీ కేఫ్‌లు ఉన్నాయి కాబట్టి అటు వెళ్లే తెలుగువారికి అందుబాటులోనే ఉంటాయి. అక్కడ ప్రత్యేక అనుభవమంటూ ఏమీ అమ్మరు, టీ, టిఫిన్ అమ్ముతారు.