ఫార్ములేషన్ పనిలో అడుగుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

పోలేపల్లిలో ఫార్ములేషన్ డెవలప్‌మెంట్ విభాగంలో, అంటే మందును గోలీగానో సిరప్‌గానో రూపొందించే చోట చేరావని తెలిసి ఇంట్లో అందరమూ సంతోషించాము. నల్లగొండలో బి.ఫార్మసీ చదివిన పిల్లకు జడ్చర్ల దగ్గరే మంచి పని దొరకడం మాటలు కాదు. అయితే మొదట నీ చేతికి వచ్చింది మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ సస్టెయిన్డ్ రిలీజ్ గోలీ, అంటే మందును గంటల తరబడి నెమ్మదిగా వదిలే గోలీ కావడం నీకు కొంచెం చిన్నతనంగా తోచినట్టుంది. మందును అతి చిన్న కొవ్వు కణాల్లో చుట్టి పంపే లిపిడ్ నానో కణాల వంటి కొత్త పద్ధతుల వైపు త్వరగా వెళ్లే దారి చెప్పమని అడిగావు. ఆ దారి మెట్‌ఫార్మిన్ మీదుగానే పోతుందని నా నమ్మకం. ఎందుకో వివరిస్తాను, ఓపికగా చదువు.

ఏ మందు చేతికి వచ్చినా, దాన్ని ఏ పద్ధతిలో చేయాలన్న ప్రశ్న కంటే ముందు, ఆ అణువుకు శరీరంలో ఎదురయ్యే ఇబ్బంది ఏమిటన్న ప్రశ్న వేసుకో. అది నీటిలో కరగదా, కరిగినా పేగు గోడ దాటదా, కడుపులోని ఆమ్లానికి పాడవుతుందా, రక్తంలోకి చేరిన కాసేపటికే వెళ్లిపోతుందా? 1995లో గోర్డన్ అమిడాన్, ఆయన సహచరులు కరిగే గుణాన్నీ పేగు గోడ దాటే గుణాన్నీ పట్టి మందులను నాలుగు తరగతులుగా విభజించారు. పరీక్ష కోసం నువ్వు బట్టీపట్టిన ఆ పట్టిక నిజానికి పని మొదలుపెట్టే చోటు. మెట్‌ఫార్మిన్ మూడో తరగతిది, నీటిలో ఇట్టే కరుగుతుంది గానీ పేగు గోడను సులువుగా దాటదు. కనుక దాన్ని కరిగించడం నీ సమస్య కాదు, కరగకుండా ఆపి పట్టడమే నీ సమస్య.

ఆపి పట్టడానికి ఎక్కువగా వాడేది నీటిలో ఉబ్బే హైప్రోమెల్లోజ్ అనే పాలిమర్. ఒక గోలీని గాజు గ్లాసు నీటిలో వేసి గంట తర్వాత చూడు. నానిన సబ్జా గింజ చుట్టూ ఉండే జిగురు పొర వంటిదే దాని చుట్టూ కూడా ఏర్పడి ఉంటుంది. మందు ఆ పొరలోంచి నెమ్మదిగా బయటికి రావాలి. వేలితో నొక్కి, ఆ పొర ఎంత గట్టిగా ఉందో, లోపల పొడి భాగం ఇంకా ఎంత మిగిలిందో చూడు. గోలీలోంచి మందు ఎంత వేగంగా కరిగి వస్తోందో కొలిచే డిసల్యూషన్ యంత్రం ఇచ్చే గీతకు అర్థం అక్కడ తెలుస్తుంది. ఇంకో చిక్కు ఉంది. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా చిన్నపేగు పైభాగంలోనే ఒంటికి పడుతుంది, గోలీ ఆ భాగం దాటి కిందికి పోయాక వదిలిన మందు చాలావరకు వృథా. అందుకే రాత్రి భోజనంతో వేసుకోమంటారు. తిండి ఉన్న కడుపు గోలీని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, ఒంటికి పట్టే మందు సుమారు 50 శాతం దాకా పెరుగుతుంది. లేబుల్ మీది ఆ ఒక్క వాక్యం వెనక ఇంత శాస్త్రం ఉంది.

గోలీ పరిమాణం కూడా నీ బాధ్యతే అనుకో. 1000 మిల్లీగ్రాముల మందుకు పాలిమర్ తోడైతే గోలీ బరువు గ్రాముకు బాగా పైకి పోతుంది. దేవరకొండలోనో కల్వకుర్తిలోనో మెడికల్ షాపు దగ్గర పావుగంట నిలబడు. ఇంత పెద్ద గోలీ గొంతు దిగదని, కత్తితో రెండు ముక్కలు చేసుకుంటామని చెప్పే ముసలివాళ్లు కనబడతారు. ముక్కలైన గోలీలో నీటికి తగిలే ఉపరితలం పెరుగుతుంది, మందు నువ్వు అనుకున్న వేగంతో రాదు. పాలిమర్ తగ్గించి గోలీని చిన్నది చేయగలిగితే, నా లెక్కలో అది నానో కణానికి తక్కువ పని ఏమీ కాదు.

మన జిల్లాల్లో కల్లు సంగతి నీకు చెప్పనవసరం లేదు. ఆల్కహాల్ తగిలినప్పుడు కొన్ని సస్టెయిన్డ్ రిలీజ్ మందులు రోజంతా రావలసిన మోతాదును ఒక్కసారిగా వదిలేస్తాయి. ఈ కారణంగానే 2005లో పల్లడోన్ అనే నొప్పి మందును అమెరికా మార్కెట్ నుంచి ఉపసంహరించారు. 5, 20, 40 శాతం ఆల్కహాల్ కలిపిన ద్రావణాల్లో చేసే డిసల్యూషన్ పరీక్షను కాగితాల కోసం చేసే తంతుగా చూడవద్దు. మెట్‌ఫార్మిన్ వాడేవారు ఎక్కువగా తాగడం ఎలాగూ ప్రమాదమే, కానీ మనిషి తాగడన్న ధీమాతో గోలీని తయారుచేయకూడదు.

స్ఫటిక రూపాల విషయంలో రిటోనవిర్ కథ తప్పకుండా చదువు. 1996లో హెచ్ఐవి మందుగా మార్కెట్‌లోకి వచ్చిన దాని క్యాప్సూల్స్ 1998 నాటికి డిసల్యూషన్ పరీక్షలో తప్పసాగాయి. కారణం, అప్పటిదాకా ఎవరూ చూడని, చాలా తక్కువగా కరిగే రెండో స్ఫటిక రూపం అందులో పుట్టుకొచ్చింది. అణువు అదే, మోతాదు అదే, మందు మాత్రం పనికిరాకుండా పోయింది. క్యాప్సూల్స్ వెనక్కి తీసుకుని, తర్వాత ఫ్రిజ్‌లో దాచవలసిన మెత్తని క్యాప్సూల్‌గా మార్చారు. మందును పాలిమర్‌తో కలిపి వేడిచేసి, స్ఫటికం కట్టనివ్వకుండా బయటికి తీసే మెల్ట్ ఎక్స్‌ట్రూషన్ పద్ధతితో, ఫ్రిజ్ అక్కరలేని గోలీ 2010లో వచ్చింది. ఫ్రిజ్ లేని ఊళ్లకు అది ఎంత మేలో వేరే చెప్పాలా? కొత్త పద్ధతి ఎప్పుడూ ఇలాగే, ఒక ఇబ్బంది మెడమీద కూర్చున్నప్పుడే పుడుతుంది. నువ్వు మోజుపడుతున్న లిపిడ్ నానో కణాలూ అంతే. ఆర్‌ఎన్‌ఏను రక్తంలోని ఎంజైములు ముక్కలు చేస్తాయి, అది తనంతట తాను కణంలోకి దూరలేదు. ఆ రెండు ఇబ్బందులకు జవాబుగానే 2018లో పటిసిరాన్ అనే ఆర్‌ఎన్‌ఏ మందు, 2020లో ఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకాలు ఆ కొవ్వు కణాల్లో వచ్చాయి. మధుమేహానికి వాడే సెమాగ్లుటైడ్ గోలీలో కొవ్వు కణాలు లేకపోయినా, అదీ ఇలాగే ఒక ఇబ్బందికి జవాబుగా పుట్టిందే.

వాతావరణాన్ని పుస్తకంలో రాసుకునే అలవాటు ఈరోజే మొదలుపెట్టు. మెట్‌ఫార్మిన్ గ్రాన్యూల్స్, అంటే గోలీగా నొక్కే ముందు చేసే రవ్వ, మరీ ఎండితే గోలీ పైభాగం టోపీలా ఊడిపోతుంది, తేమ ఎక్కువైతే గోలీని నొక్కే పంచ్‌లకు అంటుకుంటుంది. ఏప్రిల్‌లో బాగా వచ్చిన బ్యాచ్ ఆగస్టులో ఎందుకు మొరాయించిందో ఆ పేజీలే చెబుతాయి. మందు ఎన్నాళ్లు నిలుస్తుందో పరీక్షించే స్టెబిలిటీ ఛాంబర్‌లో 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర ఆరు నెలలు నిలిచిన గోలీ కూడా, మే నెలలో రేకుల కప్పు కింద ఉన్న మందుల దుకాణంలో ఏమవుతుందో ఆలోచించు. ఆస్పిరిన్ డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే మందు విడిపోతోందని అర్థం. ప్యాకింగ్ వాళ్లతో స్నేహంగా ఉండు, స్ట్రిప్ రేకు ఎంపిక కూడా ఫార్ములేషనే.

సిరప్ పని ఎప్పుడైనా నీ దగ్గరికి వస్తే ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకో. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును కరిగించడానికి డైఎథిలిన్ గ్లైకాల్ అనే విషపూరిత ద్రవం వాడినందుకు వందమందికి పైగా చనిపోయారు. అదే విషం 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లో దగ్గు మందుల్లో తేలింది, పిల్లల ప్రాణాలు పోయాయి. ఆ విషం కలిసే ప్రమాదం ఉన్న గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ డ్రమ్ములు వచ్చినప్పుడు సరఫరాదారు ఇచ్చిన సర్టిఫికెట్ చూసి సంతకం పెట్టవద్దు. ప్రతి డ్రమ్మునుంచీ నమూనా తీయించి పరీక్ష చేయించు. ఆలస్యమైందని పైవాళ్లు కసిరినా సరే, ఆ ఒక్క చోట తగ్గకు.

సందేహాలుంటే రాస్తూ ఉండు, నాకు తెలిసినంతవరకు జవాబిస్తాను. కానీ మీ కంపెనీ ఫార్ములా, బ్యాచ్ వివరాలు, డిసల్యూషన్ గీతలు నాకు పంపవద్దు, ఫోన్‌లో ఫోటో కూడా తీయవద్దు. చేరిన రోజున నువ్వు సంతకం పెట్టిన గోప్యతా పత్రం మేనమామకూ వర్తిస్తుంది. అచ్చులో వచ్చిన మందుల గురించి ఎంతైనా అడుగు.

ఇట్లు
మీ మామయ్య