నీలం టిక్కు కొంటే సరిపోతుందా?

ప్రశ్న: నేను ఆన్‌లైన్‌లో వయొలిన్ నేర్పుతాను. ఎవరో నా పేరు, ఫొటో పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచి, నా శిష్యుల దగ్గర ఫీజు అడుగుతున్నారు. 'అసలు మీరే నకిలీ ఏమో, ఎలా నమ్మాలి?' అని ఒక పాప తల్లి నన్నే నిలదీసింది. గుర్తింపు కార్డు ఫొటో పోస్టు చేయనా? డబ్బు కట్టి నీలం టిక్కు తీసుకోనా?
– ఓ వయొలిన్ టీచర్

జవాబు: గుర్తింపు కార్డు మాత్రం పోస్టు చేయకండమ్మా. వాడి దగ్గర ఇప్పటికి ఉన్నవి మీ పేరు, ఫొటో. కార్డు బయటపెడితే పుట్టిన తేదీ, నంబరు కూడా వాడి చేతికొస్తాయి. రేపు ఆ కార్డే చూపించి 'నేనే అసలు' అంటాడు.

ఇక టిక్కు సంగతి. టోనీ లా రస్సా అనే అమెరికా బేస్‌బాల్ మేనేజర్ తన పేరుతో నడిచిన నకిలీ ఖాతా మీద కోర్టుకెక్కాక, 2009లో ట్విట్టర్ ప్రముఖుల ఖాతాలను నిర్ధారించి టిక్కు ఇవ్వడం మొదలుపెట్టింది. 2022 నవంబరులో నెలకు 8 డాలర్లు కట్టినవాళ్లకూ అదే టిక్కు ఇచ్చింది. అంతే, ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో ఎవరో ఖాతా తెరిచి, టిక్కు కొనుక్కుని, ఇన్సులిన్ ఇక ఉచితమని ప్రకటించారు. అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే, టిక్కు చూసినప్పుడల్లా దాని వెనక ఎవరు ఏం పరిశీలించారని అడగాలంటాను. ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బు కట్టి తీసుకునే టిక్కుకు ప్రభుత్వ గుర్తింపు కార్డు చూస్తారు కాబట్టి దానికి కొంత విలువ ఉంది. స్తోమత ఉంటే తీసుకోండి. కానీ ఫీజు అడిగే మెసేజ్ చూసిన కంగారులో టిక్కు ఉందా లేదా అని ఎంతమంది చూస్తారు?

నకిలీవాడు చేయలేని పని ఒకటుంది. మీకు సొంత వెబ్‌సైట్ ఉంటే అందులో మీ అసలు ఖాతాల లింకులన్నీ పెట్టండి, ఆ ఖాతాల్లో వెబ్‌సైట్ లింకు పెట్టండి. వాడు తన ప్రొఫైల్‌లో మీ వెబ్‌సైట్ పేరు రాసుకోగలడు గానీ, మీ వెబ్‌సైట్ చేత తన ఖాతాను చూపించలేడు. మాస్టడాన్ అనే సోషల్ మీడియా వేదికలో ఈ రెండువైపుల లింకును యంత్రమే సరిచూసి పచ్చరంగులో చూపిస్తుంది. అలాంటిదే అయిన బ్లూస్కైలో అయితే మీ వెబ్‌సైట్ చిరునామానే ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేని ఈ పద్ధతే నాకు టిక్కుకంటే నమ్మకం. వెబ్‌సైట్ లేకపోతే, ఎప్పటినుంచో నడుస్తున్న మీ యూట్యూబ్ చానెల్‌తో ఇదే పని చేయొచ్చు.

ఆ నకిలీ ఖాతా మీద ఈరోజే ఫిర్యాదు చేయండి. ముందు ఆ ప్రొఫైల్‌కీ, ఫీజు అడిగిన మెసేజ్‌లకీ స్క్రీన్‌షాట్లు తీసుకోండి, లింకు రాసిపెట్టుకోండి. ఖాతా పోతే ఆధారాలూ పోతాయి. 'నాలా నటిస్తున్నారు' అన్న ఫిర్యాదు మీరే చేయాలి. అక్కడ కార్డు అడిగితే ఇవ్వండి, అది కంపెనీకే వెళ్తుంది, జనం కంటపడదు. ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే బ్యాంకుకూ, పోలీసులకూ చెప్పమనండి.

ఆ తల్లి మీద కోపం పెట్టుకోకండి. ఆమె అడగాల్సిందే అడిగింది. మీ దగ్గర చేరిన రోజు నుంచి ఆమెకు తెలిసిన పాత నంబరుకే ఫోన్ చేయమనండి. వీడియో కాల్‌లో పాప గుర్తుపట్టేలా గత పాఠంలోని నాలుగు స్వరాలు వాయించండి. ఫీజు ఖాతా మారిందని మెసేజ్ వస్తే, మీతో మాట్లాడకుండా ఎవరూ డబ్బు కట్టొద్దని మిగతా తల్లిదండ్రులందరికీ ఇవాళే చెప్పండి.