లేజర్ తొడ మీద తిరిగింది, గుంతలు అక్కడే ఉన్నాయి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత తొడల వెనక, పిరుదుల కింద చర్మం గుంతలు గుంతలుగా బత్తాయి తొక్కలా తయారైంది. నిజానికి నేను పెద్దగా పట్టించుకోలేదు, మా వారికైతే అలాంటిదొకటి ఉందనే తెలీదు. కానీ పోయిన వేసవిలో పాపను స్విమ్మింగ్‌లో చేర్పించి తనతో పాటు నేనూ నీళ్లలో దిగాల్సి వచ్చినప్పుడు, అక్కడి అద్దంలో చూసుకుని వెంటనే టవల్ చుట్టేసుకున్నాను. ఆ రాత్రే ఫోన్‌లో వెతికాను, మర్నాటి నుంచి ఏది తెరిచినా అవే ప్రకటనలు. ఒక క్లినిక్‌కి వెళ్తే డాక్టర్ ఐదు నిమిషాలు చూసి "ఇది సెల్యులైట్, లేజర్‌తో పోతుంది" అన్నారు. 8 సిట్టింగులు, 64 వేలు, కిస్తీల్లో కట్టాను. ఒకమ్మాయి రోలర్లున్న యంత్రంతో చర్మాన్ని పీలుస్తూ వేడి చేస్తూ అరగంట రుద్దేది. మొదట్లో హాయిగానే ఉంది, ఇంటికొచ్చాక నున్నగా కూడా అనిపించేది. ఆరోసారి ఒకచోట చురుక్కుమంది. చెప్తే "కొంచెం ఓర్చుకోండి మేడమ్, అప్పుడే పనిచేస్తుంది" అంది. మర్నాటికి బొబ్బ, ఇప్పుడు రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ. ఆ చోటు వదిలేసి మిగతా రెండూ పూర్తి చేశారు. మూడు నెలలైంది, గుంతలు ఎప్పట్లాగే ఉన్నాయి. అడిగితే టేపు కొలత 2 సెంటీమీటర్లు తగ్గిందని కాగితం చూపించి, "మీ బాడీ స్లోగా రెస్పాండ్ అవుతోంది, ఇంకో 4 తీసుకోండి" అంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న మా అక్కేమో చర్మం కిందికి వైరు లాంటిది పెట్టి చేసే లేజర్ వేరే ఉందట, ఇంజెక్షన్ కూడా ఉందట అంటోంది. లోపం నా ఒంట్లోనే ఉందా? మచ్చ పోతుందా? అక్క చెప్పినవి చేయించుకోనా? కట్టిన డబ్బు సంగతేంటి?

జవాబు: ఆ ఇంకో నాలుగు తీసుకోకండి. ముందు ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ పేజీ మీరు చదివేలోపు ఆ క్లినిక్ నుంచి ఇంకో రెండు ఫోన్లు వచ్చే ఉంటాయి.

మీ ఒంట్లో లోపమేమీ లేదు. దూది పరుపు కుట్టేటప్పుడు దబ్బనంతో అక్కడక్కడా దారం కిందికి లాగి ముడి వేస్తారు కదా, ముడి దగ్గర గుంట పడుతుంది, చుట్టూ దూది ఉబ్బుతుంది. తొడ చర్మం కింద జరిగేదీ అదే. చర్మాన్ని లోపలి పొరకు కట్టి ఉంచే పీచు దారాలు ఆడవాళ్లలో ఎక్కువగా నిలువుగా ఉంటాయి, వాటి మధ్య కొవ్వు పైకి తోసుకొస్తుంది. మగవాళ్లలో ఇవే అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి కాబట్టి వాళ్లకు చాలా అరుదు. రజస్వల అయిన ఆడవాళ్లలో 80 నుంచి 90 శాతం మందికి ఇది ఎంతో కొంత ఉంటుంది, సన్నగా ఉన్నవాళ్లకూ ఉంటుంది. అంటే మీ పక్కన నీళ్లలో దిగిన తల్లుల్లో చాలామందికి ఉండే ఉంటుంది, వాళ్లూ టవల్ వెతుక్కునే ఉంటారు.

ఇప్పుడు మీకు చేసిందేంటో చూద్దాం. పీల్చడం, వేడి, రోలర్లు, వాటికి తోడు కొంచెం లేజర్ కాంతి, ఇదంతా చర్మం పై నుంచి జరిగే పని. లోపలి దారాల్లో ఒక్కటీ దీంతో తెగదు. రుద్దుడుకు, వేడికి చర్మం కొద్దిగా వాచి బిగుతుగా అవుతుంది కాబట్టి నాలుగు రోజులు నున్నగా అనిపిస్తుంది, మీరు చెప్పింది సరిగ్గా అదే. ఇలాంటి యంత్రాలకు అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడ మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన అనుమతుల్లోనే "తాత్కాలికంగా" అనే మాట ఉంటుంది, మన దగ్గర ప్రకటనల్లోకి వచ్చేసరికి ఆ ఒక్క మాటే రాలిపోతుంది.

ఆ 2 సెంటీమీటర్ల లెక్క చూసి నాకు నవ్వొచ్చింది. టేపు నాలుగు వేళ్లు పైకో కిందికో జరిపినా, కాస్త బిగించి పట్టినా అంత తేడా వచ్చేస్తుంది. అయినా టేపు కొలిచేది చుట్టుకొలత, గుంతల లోతు కాదు. ముందు-తర్వాత ఫోటోలు ఇంకా మాయ. ఈ గుంత కంటికి కనిపించేది నీడ వల్లే. నడినెత్తిన లైటు పెట్టి తీస్తే గుంతలన్నీ తేలతాయి, ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీస్తే సగం మాయమవుతాయి, పడుకోబెట్టి తీస్తే ఇంకా తగ్గుతాయి. ఈసారి ఏ క్లినిక్‌లోనైనా ఫోటో చూపిస్తే రెండింటిలో నీడ ఒకే వైపు పడిందా లేదా, ఆమె రెండింటిలోనూ ఒకేలా నిలబడిందా అని చూడండి.

మచ్చ సంగతి. మన చామనఛాయ చర్మం కాలితే రంగు ఎక్కువ తయారుచేస్తుంది. పైపొరకే పరిమితమైతే నెలల తరబడి పట్టినా చాలావరకు పలచబడుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా ఫరవాలేదు గానీ నిమ్మరసం, వంటసోడా మాత్రం పట్టుకోకండి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములు అసలే వద్దు, మచ్చకంటే అవి తెచ్చే తలనొప్పి పెద్దది. చర్మ డాక్టర్‌కి ఒకసారి చూపించండి. మరీ బిగుతు లెగ్గింగ్స్ ఆ చోట రాసుకోకుండా చూసుకోండి. ఇక "ఓర్చుకోండి, అప్పుడే పనిచేస్తుంది" అన్న మాట దగ్గర నాకు నిజంగా ఒళ్లు మండింది. చురుక్కుమంటే యంత్రం ఆపాలి, అంతే.

మీ అక్క చెప్పిన లేజర్ నిజంగానే వేరేది. 1440 నానోమీటర్ల లేజర్, సెల్యులేజ్ అనే పేరుతో 2012 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. నిలబెట్టి గుంతల చుట్టూ పెన్నుతో గుర్తులు పెడతారు (పడుకుంటే గుంతలు కనిపించవు మరి), మత్తు కలిపిన సెలైన్ ఆ భాగంలోకి ఎక్కించి, సన్నని రంధ్రాల్లోంచి ఫైబర్ పంపి, పక్కకు వచ్చే కాంతితో కొవ్వును కరిగించి, దారాలను తెంపి, చర్మాన్ని లోపలి నుంచి వేడి చేస్తారు. గుంత పడే అసలు కారణం మీద పనిచేస్తుంది కాబట్టి దీనికో అర్థం ఉంది. కానీ ఇది చిన్నపాటి ఆపరేషన్, లంచ్ బ్రేక్‌లో చేయించుకొచ్చేది కాదు. కమిలిన నీలి మచ్చలు, వాపు, కొన్ని వారాలు బిగుతు లోదుస్తులు, ఫలితం తేలడానికి మూడు నెలలైనా పట్టడం, ఇవన్నీ ఉంటాయి. వేడి ఎక్కువైతే లోపలి నుంచే చర్మం కాలుతుంది. గుంతలు తగ్గుతాయి గానీ మొత్తం చదునవుతుందని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. పైపై వేడికే మచ్చ పడిన చర్మం మీది, మీరే మా అమ్మాయైతే ఇప్పట్లో వద్దంటాను.

ఇంజెక్షన్ అంటే క్వో గురించే అయ్యుంటుంది. 2020 జులైలో అమెరికాలో అనుమతి వచ్చింది, దారాలను కరిగించే ఎంజైమ్ అది. బాగా కమలడం, చర్మం రంగు మారి చాలాకాలం ఉండిపోవడం చూసి తయారుచేసిన కంపెనీయే 2022 డిసెంబర్‌లో ఆపేసింది. అక్కకు ఈ మాట చెప్పండి.

డబ్బు. మీ రికార్డులు కావాలని రాతపూర్వకంగా అడగండి, అడిగిన 72 గంటల్లో డాక్టర్ ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమాల్లో ఉంది. ఆరో సిట్టింగ్ ఎవరు చేశారు, ఏ యంత్రం, ఎంత వేడి పెట్టారు అనేవి అందులో చూడండి. మచ్చ ఫోటోలు తేదీతో ఉంచుకోండి. తేలకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. గడువు రెండేళ్లు, మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే కేసుకు ఫీజు లేదు.

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారికి 61 ఏళ్లు, షుగర్ ఉంది. ఏడాదిలో రెండుసార్లు కాలు ఎర్రగా వాచి జ్వరం వచ్చింది, సెల్యులైటిస్ అన్నారు. దీనికీ లేజర్ పనిచేస్తుందా?

జవాబు: పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ రెండింటికీ చుట్టరికం లేదు. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు, యాంటీబయాటిక్స్‌తో తగ్గాల్సింది. ఆలస్యమైతే, అందులోనూ షుగర్ ఉంటే, ప్రమాదం. మళ్లీ మళ్లీ వస్తోందంటే క్రిములకు ఎక్కడో దారి దొరుకుతోంది. ఈ రాత్రి నాన్నగారి కాలి వేళ్ల సందుల్లో టార్చి వేసి చూడండి, తెల్లగా ఒరిసి ఉండొచ్చు, మడమ పగుళ్లు కూడా చూడండి. ఉంటే వాటికి మందు వాడాలి, షుగర్ అదుపులో ఉండాలి. ఈసారి ఎరుపు కనిపిస్తే మాత్రం నాకు రాస్తూ కూర్చోకండి, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి.