0.04 శాతం రిస్కే కదా, టెస్ట్ అవసరమా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 29 ఏళ్లు, హైదరాబాద్‌లో ఐటీ జాబ్. పెళ్లి కుదిరింది, ఇంకో రెండు నెలల్లో ముహూర్తం. అంతకుముందు ఒకావిడతో ఏడాది పాటు పరిచయం ఉండేది, మొత్తం ఒక 25 సార్లు కలిసి ఉంటాం, చాలావరకు కండోమ్ లేకుండానే. ఆఖరిసారి కలిసి 7 వారాలైంది. నెట్‌లో చూస్తే మగవాళ్లకి ఒకసారికి హెచ్ఐవీ రిస్క్ 0.04 శాతం అని ఉంది, 25 సార్లకి 1 శాతం అవుతుంది, తెలంగాణలో హెచ్ఐవీ ఉన్నవాళ్లు 0.47 శాతం అట, రెండూ గుణిస్తే 21 వేలల్లో ఒక్క ఛాన్స్ వచ్చింది. ఇంత తక్కువకి టెస్ట్ చేయించుకోవాలా? కండోమ్ కూడా 80 శాతమే పనిచేస్తుందట, మరి వాడినా ఏం లాభం? నెల క్రితం కింద చిన్న పుండు లాంటిది వచ్చింది కానీ నొప్పి లేదు, దానంతట అదే మానిపోయింది.

జవాబు: లెక్క తర్వాత చూద్దాం, ముందు ఆ పుండు సంగతి. మీరు చివర్లో మాటవరసకి అన్నట్టు రాసిన ఆ ఒక్క ముక్కే నాకు అన్నిటికంటే ముఖ్యం. కలిసిన మూడు వారాలకి నొప్పిలేని పుండు రావడం, ఏ మందూ వాడకుండానే మానిపోవడం, సిఫిలిస్ అనే సుఖవ్యాధి మొదటి దశ సరిగ్గా ఇలాగే ఉంటుంది. చూడకుండా అదే అని నేను చెప్పలేను కానీ కాదని తేలేదాకా అదే అనుకుని నడుచుకోవాలి. పుండు మానిందంటే జబ్బు పోయిందని కాదండీ, ఆ క్రిమి ఒంట్లోనే ఉంటుంది, కొన్ని వారాలకి అరచేతుల్లో అరికాళ్లలో దద్దుర్లు రావొచ్చు, అవి కూడా వాటంతటవే పోతాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి అలికిడే ఉండదు. ఈలోపు పెళ్లవుతుంది, భార్యకి అంటుకోవచ్చు, ఆమె నెల తప్పితే కడుపులో బిడ్డకి కూడా వెళ్లొచ్చు, గర్భం పోవడం, బిడ్డ లోపలే చనిపోవడం లాంటివి జరగొచ్చు. మొదట్లోనే దొరికితే మాత్రం వైద్యం చాలా చిన్నది, బెంజథైన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్క డోసు, రెండు పిరుదులకి చెరి సగం ఇంజెక్షన్ ఇస్తారు, అంతే. అంత చిన్న వైద్యం ఉండగా ఒక పసిబిడ్డ దాకా పోనివ్వడం నాకు చాలా బాధగా ఉంటుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇప్పుడు మీ లెక్క. గుణకారం కరెక్టే, నేను కూడా వేసి చూశా. తేడా అంతా లోపల పెట్టిన అంకెల్లో ఉంది. ఆ 0.47 అనేది 2021 అంచనా ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లందరికీ కలిపి తీసిన సగటు. అందులో పల్లెలో ఎవరి జోలికీ పోకుండా కాపురం చేసుకునే జంట ఉంది, రకరకాల పరిచయాలున్న వాళ్లూ ఉన్నారు. ఆవిడకి అంతకుముందు ఎవరితో పరిచయం ఉందో, వాళ్లకి ఇంకెవరితో ఉందో మీకు తెలీదు, అది తెలీకుండా రాష్ట్రం సగటు తెచ్చి ఒక మనిషికి తగిలిస్తే ఎలా?

0.04 కూడా సగటే. ఉగాండాలో రకాయ్ అనే జిల్లాలో, ఇద్దరిలో ఒకరికే హెచ్ఐవీ ఉన్న జంటల్ని ఏళ్ల తరబడి చూశారు, 2005లో ఆ లెక్కలు బయటికొచ్చాయి. భాగస్వామికి కొత్తగా సోకిన మొదటి రెండున్నర నెలల్లో రిస్క్ పది వేలసార్లకి 82, తర్వాత జబ్బు నిలకడగా ఉన్న కాలంలో పది వేలకి 7. వైరస్ అదే, టైమ్ మారితే సుమారు 12 రెట్లు తేడా. కింద పుండు ఉంటే రిస్క్ ఇంకా పెరుగుతుందని కూడా అక్కడే తేలింది. మీకు పుండు వచ్చింది, మీ లెక్కలో దానికి చోటే లేదు. ఇంకోవైపు చూస్తే, యూరప్‌లో పార్ట్‌నర్ అనే స్టడీలో హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు సరిగ్గా వేసుకుని వైరస్ టెస్టుకి దొరకనంత తగ్గినవాళ్లు తమ జోడీతో కండోమ్ లేకుండా 58 వేలసార్లు కలిసినా ఆ జోడీలో ఒక్కరికీ వాళ్ల నుంచి సోకలేదు. అంటే 0.04 అనేది ఒకచోట చాలా తక్కువ, ఒకచోట చాలా ఎక్కువ, మీరు ఎక్కడున్నారో అది చెప్పదు. ప్రభుత్వం ఎన్ని కిట్లు కొనాలి, ఎక్కడ సెంటర్ పెట్టాలి అని ప్లాన్ చేసుకోవడానికి ఇలాంటి సగటు లెక్కలు బాగా పనికొస్తాయి, మీ రక్తంలో ఏముందో చెప్పడానికి పనికిరావు. పైగా మీ లెక్క ఒక్క హెచ్ఐవీకే. గనోరియా అనే ఇంకో సుఖవ్యాధి అయితే, అది ఉన్న ఆడమనిషి నుంచి మగవాడికి ఒక్కసారికే దాదాపు 20 శాతం ఛాన్స్ అని పాత స్టడీలు చెప్తున్నాయి.

కండోమ్ 80 శాతం అంటే వందసార్లలో 20 సార్లు ఫెయిల్ అవుతుందని చాలామంది అనుకుంటారు, అది కాదు. కండోమ్ లేకపోతే వంద మందికి సోకేచోట, ఎప్పుడూ వాడతామని చెప్పినవాళ్లలో 20 మందికే సోకింది, దాని అర్థం అంతే. "చెప్పినవాళ్లు" అన్నది గమనించండి. ఈ విషయంలో మనుషులు ఎదురుగా అడిగితే నిజం చెప్పరు. కర్ణాటకలో పోలింగ్ బూత్ సర్వే అని చేశారు, ఓటేసినట్టు ఎవరి జవాబు వాళ్లు చీటీ మీద పేరు లేకుండా డబ్బాలో వేయడమే, అలా అడిగేసరికి ముఖాముఖిగా ఒప్పుకోని సంబంధాలు చాలా బయటపడ్డాయి. కాబట్టి ఎప్పుడూ వాడతాం అన్నవాళ్లలో మధ్యమధ్యలో మానేసినవాళ్లు కూడా ఉంటారు, మొదట్నుంచి చివరిదాకా సరిగ్గా వాడితే రక్షణ 80 కంటే ఎక్కువే అని నా ఉద్దేశం.

ఇక చేయాల్సింది. రేపే దగ్గర్లో ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవీ టెస్ట్ చేసే ఐసీటీసీ సెంటర్‌కి వెళ్లండి, ఫ్రీ. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, తర్వాత కొంచెం రక్తం తీసి కిట్ మీద వేస్తారు, కాసేపటికి ఒక్క గీతే కనిపిస్తే ప్రస్తుతానికి లేనట్టు, రెండు గీతలు కనిపిస్తే కంగారు పడొద్దు, ఇంకో రెండు రకాల కిట్లతో చూశాకే పాజిటివ్ అంటారు. మీ అనుమతి లేకుండా టెస్ట్ చేయకూడదు, రిజల్ట్ బయటికి చెప్పకూడదు, దానికి 2017 హెచ్ఐవీ చట్టం ఉంది. అదే ఆసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఉంటే సిఫిలిస్‌కి వీడీఆర్ఎల్ గానీ ఆర్‌పీఆర్ గానీ, ఏదో ఒక రక్తపరీక్ష అక్కడే చేయించుకోండి, పుండు సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. హెపటైటిస్ బీ కూడా చూపించుకుని, లేకపోతే టీకా వేయించుకోండి. వెళ్లడానికి మొహమాటంగా ఉంటే ముందు హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి మాట్లాడండి, అది కూడా ఫ్రీనే.

7 వారాలకి నెగెటివ్ వస్తే మంచిదే కానీ అక్కడితో ఆగొద్దు, ఆఖరిసారి కలిసిన రోజు నుంచి మూడు నెలలు నిండాక హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ ఇంకోసారి చేయించాలి. మీ ముహూర్తానికి ముందే ఆ టైమ్ వస్తుంది, అది తేలేదాకా ఎవరితోనూ కండోమ్ లేకుండా వద్దు. ఒకవేళ అప్పటికి వైద్యం నడుస్తుంటే ముహూర్తం కొంచెం వెనక్కి జరపండి, పెద్దవాళ్లకి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.

ఇంకొకటి, ఆవిడకి కూడా ఫోన్ చేయండి. ఇబ్బందిగానే ఉంటుంది, తెలుసు. ఆడవాళ్లకి పుండు లోపల వస్తే కనిపించను కూడా కనిపించదు, మీరు చెప్తే తప్ప ఆవిడకి తెలిసే దారి లేదు. నీ వల్లే వచ్చింది అనే ధోరణిలో వద్దు, ఎవరి నుంచి ఎవరికో ఎవరూ చెప్పలేరు. "నాకు పుండు వచ్చింది, టెస్ట్ చేయించుకుంటున్నా, నువ్వు కూడా చేయించుకో" అంటే చాలు.