రైఫిల్ బ్యారెల్‌లో ఇరుక్కున్న బుల్లెట్‌ని ఎలా తీయాలి?

ట్రిగ్గర్ నొక్కితే 'టప్' అని నీరసంగా చప్పుడొచ్చి, భుజానికి తన్ను తగలలేదంటే అనుమానించాల్సిందే. తూటాలో మందు లేకపోతే, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ ఒక్కటే కొసనున్న బుల్లెట్‌ని బ్యారెల్‌లోకి కాస్త దూరం నెట్టి వదిలేస్తుంది. వెనకాల ఇంకో తూటా పేల్చితే బయటికొస్తుందిలే అనుకోవద్దు. బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది.

ముందు మ్యాగజైన్, బ్యారెల్‌ని వెనక నుంచి మూసే బోల్ట్ తీసేసి, చాంబర్ (బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో చూడండి. పేలని తూటా అందులో బిగుసుకుపోయి ఉంటే మాత్రం సుత్తి ముట్టుకోకండి, అది తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ పని.

ఖాళీగా ఉంటే, తుప్పు వదిలించే నూనె రెండు వైపుల నుంచీ కొద్దిగా పోసి రాత్రంతా వదిలేయండి. తర్వాత బ్యారెల్ రంధ్రంలో దాదాపు సరిగ్గా పట్టే లావున్న ఇత్తడి కడ్డీని, చదునైన కొసతో, మూతి వైపు నుంచి దించి చాంబర్ వైపుకు కొట్టండి. కడ్డీ బుల్లెట్‌ని తాకాక మూతి బయట కొద్దిగానే మిగిలితే మేలు. ఎక్కువ మిగిలితే వంగి, దెబ్బ బలమంతా అక్కడే పోతుంది. సన్నని క్లీనింగ్ రాడ్‌తోనూ ఇదే తంటా. కర్ర పుల్ల ఇంకా ప్రమాదం: చీలి, బుల్లెట్ పక్కన చీలకలా దిగుతుంది. అప్పుడు తీయాల్సినవి రెండవుతాయి! డ్రిల్లింగ్ ఊసే వద్దు, లోపలి గాడులు పాడవుతాయి.

కదలడం మొదలయ్యాక సులువే. బయటికొచ్చాక బ్యారెల్ తుడిచి, వెలుతురుకు ఎత్తి చూడండి. లోపల ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే అక్కడ ఉబ్బినట్టే, ఆ బ్యారెల్‌తో మళ్ళీ కాల్చకండి.