ఇక్కడి బంధుత్వాలు, అక్కడి భద్రతా అనుమతి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికా సైన్యంలోనూ, ఆ దేశ రక్షణ శాఖకు పని చేసే కంపెనీలలోనూ చేరుతున్న తెలుగు యువతీయువకుల నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి సెక్యూరిటీ క్లియరెన్స్ గురించి, అంటే రహస్య సమాచారం చూడటానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే భద్రతా అనుమతి గురించి, తరచుగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఎక్కువమందికి పనికివచ్చే కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా చిన్నబ్బాయి అమెరికా పౌరుడు, టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడి రక్షణ శాఖకు పని చేసే ఒక కంపెనీ వాడికి ఉద్యోగం ఇచ్చి, సెక్యూరిటీ క్లియరెన్స్ వచ్చాకే చేర్చుకుంటామని చెప్పింది. ఇప్పుడు వాడు మా పుట్టిన తేదీలు, చిరునామాలు, ఉద్యోగ వివరాలు అడుగుతున్నాడు. నేను జిల్లా పరిషత్ హైస్కూలులో పని చేసి రిటైరయ్యాను. మా పెద్దబ్బాయి హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ ప్రయోగశాలలో ఉద్యోగి. చిన్నవాడి పేరున ఒక ఇళ్ల స్థలం, వాళ్ల తాతగారి నుంచి వచ్చిన రెండెకరాల పొలం ఉన్నాయి. అన్న ఉద్యోగం, పొలం సంగతి రాస్తే వచ్చిన ఉద్యోగం పోతుందని, రాయవద్దని బంధువులు అంటున్నారు. మేము ఏం చేయాలి?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: వివరాలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా మీ అబ్బాయికి పంపండి. బంధువులు మీ మేలు కోరే చెప్పి ఉండవచ్చు గానీ, మీ అబ్బాయికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా అదే.

ముందుగా ఈ అనుమతి ఎలా వస్తుందో చెబుతాను. దీనికి ఎవరూ సొంతంగా దరఖాస్తు పెట్టుకోలేరు, రుసుము కట్టి తెచ్చుకోలేరు. ఒక ప్రభుత్వ విభాగమో, రహస్య పనులు చేయడానికి అర్హత ఉన్న ఒక కంపెనీయో ఈ వ్యక్తి మాకు అవసరమని ప్రతిపాదిస్తేనే దరఖాస్తు మొదలవుతుంది. డబ్బు ఇస్తే క్లియరెన్స్ ఇప్పిస్తామని ఏ కన్సల్టెన్సీ అయినా చెబితే అది మోసమని వెంటనే గ్రహించాలి. ప్రతిపాదన వెళ్లిన తరువాత అభ్యర్థి ఎస్‌ఎఫ్-86 అనే ప్రశ్నపత్రాన్ని ఈ-యాప్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నింపుతాడు. అచ్చు వేస్తే వంద పేజీలు దాటే ఆ పత్రంలో పదేళ్ల నివాసాలు, పదేళ్ల ఉద్యోగాలు, ఏడేళ్ల విదేశీ ప్రయాణాలు, బంధువులు, ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ అడుగుతారు. రక్షణ శాఖ తరఫున విచారణ జరిపే సంస్థ డీసీఎస్‌ఏ. ఈ సంస్థ ప్రస్తుత రూపంలో 2019లో ఏర్పడింది. సీక్రెట్ స్థాయికి విచారణ ఎక్కువగా రికార్డుల మీద నడుస్తుంది. దానికి పైదైన టాప్ సీక్రెట్ స్థాయికి మాత్రం అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తారు, ఇరుగుపొరుగువారినీ పాత సహోద్యోగులనూ కూడా కలుస్తారు.

ఇక మీ అసలు ఆందోళన సంగతి. అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ నుంచి అమలులో ఉన్న మార్గదర్శకాలలో పదమూడు అంశాలు ఉన్నాయి, వాటిలో రెండవది విదేశీ ప్రభావం. అభ్యర్థికి పరాయి దేశంలో అమ్మానాన్నలు ఉండటం తప్పని అది ఎక్కడా అనదు. ఆ బంధం వల్ల అతని మీద ఎవరైనా ఒత్తిడి తేగలరా, రెండు దేశాల ప్రయోజనాల మధ్య అతను నలిగిపోయే పరిస్థితి వస్తుందా అని మాత్రమే చూస్తుంది. అందుకే బంధువు ఏ దేశంలో ఉన్నారు, ఏ ఉద్యోగం చేస్తున్నారు, ఎంత తరచుగా మాట్లాడుకుంటారు అన్న ప్రశ్నలు వస్తాయి. ప్రభుత్వ పాఠశాలలో పని చేసి పెన్షన్ తీసుకుంటున్న మీ విషయం సాధారణమైనది. పెద్దబ్బాయి ఉద్యోగం అలా కాదు, దాని గురించి గట్టిగానే అడుగుతారు. విదేశంలో ఉన్న బంధువుకు అక్కడి ప్రభుత్వంతో గానీ, సైన్యంతో గానీ, రక్షణ పరిశ్రమతో గానీ సంబంధం ఉందా అని ప్రశ్నపత్రమే సూటిగా అడుగుతుంది. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ ప్రయోగశాలలు, భారత్ డైనమిక్స్, విశాఖపట్నంలో తూర్పు నౌకాదళం, షిప్‌యార్డ్ ఉన్న మన రాష్ట్రాలలో ఇలాంటి బంధువు లేని కుటుంబాలు తక్కువ, కాబట్టి ఇది మీ ఒక్కరి చిక్కు కాదు. అన్నదమ్ములిద్దరూ తమ పని గురించి ఒకరికొకరు చెప్పుకోరనీ, ఇంటి విషయాలే మాట్లాడుకుంటారనీ అది నిజమైతే మీ అబ్బాయి విచారణాధికారికి నిబ్బరంగా చెప్పవచ్చు. అన్న ఉద్యోగం ఒక ప్రశ్న మాత్రమే. దాన్ని దాచిపెట్టడం అబద్ధం అవుతుంది, ఆ అబద్ధం అతని నిజాయితీ మీద పడుతుంది. తెలిసి అబద్ధం రాస్తే అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడగల ఫెడరల్ నేరం అవుతుందని ఆ పత్రంలోనే రాసి ఉంటుంది.

భూమి విషయంలోనూ ఇదే పద్ధతి. విదేశంలో స్థిరాస్తి ఎప్పుడైనా ఉన్నదా అని మాత్రమే కాక, ముందు ముందు వస్తుందని అనుకుంటున్నారా అని కూడా అడుగుతారు. కనుక ఇంకా పంపకాలు కాని పిత్రార్జితం ఉన్నా దాన్ని ప్రస్తావించాలి. మన ఇళ్లలో తండ్రి కొడుకు పేరున స్థలం కొని, పెళ్లినాటికి చెబుదామని ఊరుకోవడం ఉంటుంది. ఇతరులు తమ కోసం చూస్తున్న ఆస్తుల గురించీ పత్రం అడుగుతుంది కాబట్టి, వాడికి తెలియని స్థలం ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి. పట్టాదారు పాసు పుస్తకం, దస్తావేజు ప్రతులు, నేటి అంచనా విలువ కలిపి పంపండి. అమెరికాలోని అతని జీతం, పొదుపు, ఇల్లు వంటి వాటి పక్కన ఈ రెండెకరాల విలువ ఎంత అన్నది చూస్తారు, సాధారణంగా ఆ పోలిక అభ్యర్థికి అనుకూలంగానే ఉంటుంది.

మరొక చిన్న విషయం. మీ శ్రీమతిగారి అసలు పుట్టిన తేదీ తెలియకపోయినా, బడిలో వేసిన తేదీ వేరుగా ఉన్నా కంగారు పడనక్కరలేదు. తేదీ పక్కన అది అంచనా అని గుర్తు పెట్టే గడి ఆ పత్రంలో ఉంటుంది. తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులు, పిల్లలు బంధువుల విభాగంలోకి వస్తారు. బాబాయి, పిన్ని, మేనమామ అక్కడికి రారు, కానీ వారితో దగ్గరి అనుబంధం, రాకపోకలు ఉంటే విదేశీ పరిచయాల విభాగంలో వారి పేర్లు రాయాలి.

ప్రశ్న: గ్రీన్ కార్డు మీద అమెరికా ఆర్మీలో చేరాను. ఇటీవలే పౌరసత్వం వచ్చింది. ఇప్పుడు క్లియరెన్స్ అవసరమైన విభాగానికి మారాలని ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఓటు వేశాను. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకుంటే ఇబ్బందా? నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉంది.
– ఒక సైనికుడు, నార్త్ కరోలినా

జవాబు: గ్రీన్ కార్డుతో సైన్యంలో చేరవచ్చు గానీ క్లియరెన్స్ మాత్రం పౌరులకే ఇస్తారు, ఆ గడప మీరు దాటేశారు. విదేశీ ఎన్నికలలో ఎప్పుడైనా ఓటు వేశారా అని పత్రం అడుగుతుంది. భారత పౌరుడిగా ఉన్నప్పుడు వేసిన ఓటు తప్పు కాదు, సంవత్సరంతో సహా రాయండి.

భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు, అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ పేరులో పౌరసత్వం వినిపించినా అది జీవితకాల వీసా వంటిది. ఓటు హక్కు ఉండదు, రాజ్యాంగ పదవులు ఉండవు, వ్యవసాయ భూమి కొనే వీలు ఉండదు. అయినా అది మరో దేశం ఇచ్చిన సౌకర్యం కాబట్టి తీసుకుంటే తీసుకున్నట్టు మీ యూనిట్ సెక్యూరిటీ అధికారికి చెప్పి, పత్రంలో వివరణ రాయడమే మేలు. కేవలం అమ్మానాన్నలను చూడటానికి వెళ్లడం కోసమే అయితే ఆ మాటే రాయండి. పాత భారత పాస్‌పోర్టును సరెండర్ చేసే ముందు ప్రతి పేజీ నకలు తీసి ఉంచుకోండి. ఇతర దేశాలు ఇచ్చిన పాస్‌పోర్టుల వివరాలూ, ప్రయాణాల తేదీలూ అడిగినప్పుడు ఆ ముద్రలే మీకు ఆధారం.

పేరు విషయాన్ని చిన్నదిగా చూడవద్దు. పదో తరగతిలో ఒక్క అక్షరం, డిగ్రీలో పూర్తి ఇంటిపేరు, వీసా మీద ఒకే పేరు ఉన్నందువల్ల ముందు చేరిన ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదని అర్థం) అనే మూడక్షరాలు, అమెరికా వచ్చాక ముందువెనుకలు మారిన పేరు, ఇవన్నీ ఒకే మనిషివని విచారణాధికారికి దానంతట అదే తెలియదు. ఇతర పేర్ల విభాగంలో ప్రతి రూపాన్నీ, అది ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు వాడుకలో ఉందో రాయండి.

ప్రశ్న: రక్షణ శాఖ కాంట్రాక్టు కంపెనీలో సీక్రెట్ క్లియరెన్స్‌తో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. పదేళ్లకు రెన్యువల్ అని విన్నాను, ఇప్పుడు ఆ పద్ధతి లేదంటున్నారు. తమ్ముడి పెళ్లికి విజయవాడ వెళ్లాలి. పైగా మావారి ఉద్యోగం పోయి క్రెడిట్ కార్డు బాకీలు పెరిగాయి. ఇవి ఎవరికైనా చెప్పాలా?
– ఒక పాఠకురాలు, వర్జీనియా

జవాబు: పూర్వం టాప్ సీక్రెట్‌కు అయిదేళ్లకోసారి, సీక్రెట్‌కు పదేళ్లకోసారి మళ్లీ విచారణ జరిగేది. ఇప్పుడు దాని స్థానంలో నిరంతర పరిశీలన వచ్చింది. రక్షణ శాఖ క్లియరెన్స్ ఉన్న అందరినీ 2021 నాటికే అందులో చేర్చారు. అరెస్టులు, కోర్టు కేసులు, బాకీల వంటివి మీరు చెప్పకపోయినా ప్రభుత్వ డేటాబేసుల ద్వారా అధికారుల దృష్టికి వస్తాయి. ఎస్‌ఎఫ్-86ను మాత్రం అయిదేళ్లకోసారి తాజా సమాచారంతో మళ్లీ నింపమని అడుగుతారు. అప్పుడు మొదటిసారి ఏం రాశారో సరిచూసుకోవడానికి పాత ప్రతిని భద్రంగా ఉంచుకోవాలి.

పెళ్లి ప్రయాణాన్ని టికెట్లు ఖరారైన వెంటనే, బయలుదేరకముందే మీ కంపెనీ ఎఫ్‌ఎస్‌ఓకు, అంటే సెక్యూరిటీ అధికారికి, తెలపండి. క్లియరెన్స్ ఉన్నవారు విదేశీ ప్రయాణాలను ముందుగా తెలియజేయాలన్న నియమం ఉంది. వెళ్లాక ఎవరైనా మీ పని గురించి అదేపనిగా ఆరా తీస్తే తిరిగి వచ్చాక అదీ చెప్పాలి.

బాకీల గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అనుమతులు పోవడానికి ఎక్కువగా కనిపించే కారణాలలో ఇది ఒకటి. అప్పు ఉండటం కంటే అప్పును పట్టించుకోకపోవడాన్ని వాళ్లు తీవ్రంగా చూస్తారు. ఉద్యోగం పోవడం, జబ్బు చేయడం, విడాకులు వంటి చేయి దాటిన కారణాలను మార్గదర్శకాలే గుర్తిస్తాయి, కానీ ఆ తరువాత మీరు బాధ్యతగా ప్రవర్తించారా అని అడుగుతాయి. ఇవాళే బ్యాంకుకు ఫోన్ చేసి వాయిదాల ఒప్పందం కుదుర్చుకోండి, కట్టిన ప్రతి వాయిదా రసీదూ దాచండి, బాకీ వసూలు ఏజెన్సీకి వెళ్లకముందే ఎఫ్‌ఎస్‌ఓకు చెప్పండి. పెళ్లి ఖర్చులకు పుట్టింటికి డబ్బు పంపితే అదీ రాసి పెట్టుకోండి, విదేశీయులకు చేసిన ఆర్థిక సహాయం గురించి పత్రంలో ప్రశ్న ఉంటుంది. ఇండియాలోని మీ ఖాతాలన్నింటిలో కలిపి ఏడాదిలో ఎప్పుడైనా పది వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాలను అమెరికా ప్రభుత్వానికి తెలిపే నివేదిక, దాఖలు చేయాలి. దానిలో ఉన్న ఖాతా ఎస్‌ఎఫ్-86లో లేకపోతే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ప్రశ్న: అమ్మ పోయాక కొన్ని నెలలు కౌన్సెలింగ్‌కు వెళ్లాను. కాలేజీలో ఒకటి రెండుసార్లు గంజాయి తాగాను, మా రాష్ట్రంలో అది చట్టబద్ధమే. ఎయిర్ ఫోర్స్‌లో చేరే ఆశ వదులుకోవాలా?
– ఒక విద్యార్థి, కాలిఫోర్నియా

జవాబు: వదులుకోనక్కరలేదు. కౌన్సెలింగ్ తీసుకున్నారన్న ఒక్క కారణంతో వ్యతిరేకంగా భావించరాదని మార్గదర్శకాలలోనే స్పష్టంగా ఉంది. కోర్టు ఆదేశంతో జరిగిన చికిత్స, ఆసుపత్రిలో చేర్చడం, కొన్ని తీవ్రమైన వ్యాధుల నిర్ధారణ వంటి వాటినే పత్రం అడుగుతుంది. దుఃఖంలో సహాయం కోరడం మంచి పని, క్లియరెన్స్ భయంతో దాన్ని ఎవరూ ఆపవద్దు. గంజాయి రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. అయితే గతంలో సరదాకు వాడినదే నిర్ణయాత్మకం కాకూడదని 2021 డిసెంబరులో ఇంటెలిజెన్స్ డైరెక్టర్ కార్యాలయం సూచించింది. ఇక ముట్టకండి, వాడిన తేదీలు దాచకండి.

ప్రశ్న: కంపెనీ ఉద్యోగిగా దరఖాస్తు చేస్తే, అనుమతి ఎందుకు నిరాకరించవచ్చో కారణాలు చెబుతూ లేఖ వచ్చింది. ఇక దారి లేదా?
– ఒక పాఠకుడు, మేరీల్యాండ్

జవాబు: దారి ఉంది, కానీ గడువు తక్కువ. మీకు వచ్చినది స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్. అందిన 20 రోజులలోగా ఒక్కొక్క ఆరోపణకూ ఒప్పుకుంటున్నారో కాదంటున్నారో విడివిడిగా, ప్రమాణపూర్వకంగా జవాబు రాయాలి. న్యాయాధికారి ముందు విచారణ కావాలో, కాగితాల మీదనే నిర్ణయం చాలో కూడా అందులోనే చెప్పాలి. విచారణ కోరడమే మంచిదని నా అభిప్రాయం. ఎదురుగా కూర్చున్న మనిషి మాటకు ఉన్న బలం కాగితానికి ఉండదు, పైగా సాక్షులను తీసుకెళ్లవచ్చు, మీ ఖర్చుతో న్యాయవాదిని పెట్టుకోవచ్చు. ఆరోపణలలో తప్పు ఉంటే పత్రాలతో ఖండించండి, నిజం ఉంటే ఒప్పుకుని ఆ తరువాత ఏం సరిదిద్దుకున్నారో చూపండి.

ఒక్క సంగతి మాత్రం ముందే తెలుసుకోవాలి. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని అమెరికా సుప్రీం కోర్టు 1988లో ఈగన్ కేసులో తేల్చింది. సందేహం మిగిలితే దేశ భద్రత వైపే మొగ్గుతారు, సందేహం తీర్చే బాధ్యత మీదే. నిర్ణయం వ్యతిరేకంగా వస్తే 15 రోజులలో అప్పీలు నోటీసు ఇవ్వాలి, అదీ ఫలించకపోతే ఏడాది గడిచాక మళ్లీ దరఖాస్తుకు అవకాశం ఉంటుంది. సైనికులకు ఈ పద్ధతి కొంత వేరుగా, తమ కమాండ్ ద్వారా నడుస్తుంది కాబట్టి వారు తమ లేఖలో ఉన్న గడువునే పాటించాలి.