బీచ్ సంగతి పక్కన పెట్టండి, దేనియాలో మా వసంతం ఇలా గడుస్తుంది

“స్పెయిన్ సముద్రతీరంలో రిటైరైనవాళ్ళు మార్చి నుంచి మే దాకా ఏం చేస్తూ గడుపుతారు? నేను వాలెన్సియాలో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నల్ని మూడు నెలలు తీసుకొచ్చి తీరంలో ఇల్లు అద్దెకి తీసుకుందామని ఉంది. బీచ్ తప్ప ఏమీ లేకపోతే వాళ్ళకి తోచదేమో అని టెన్షన్” అని అడిగారు.

నేనూ మావారూ ఇంగ్లండ్‌లో ఉద్యోగాలు చేసి రిటైరయ్యాం. బ్రెగ్జిట్ గడువు రాకముందే, 2019లో, దేనియాకి వచ్చేశాం. వాలెన్సియాకీ అలికాంతెకీ దాదాపు సగం దారిలో, మోంట్‌గో అనే కొండ కింద, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నేను చెప్పేదంతా ఈ ఊరి సంగతే. దక్షిణ స్పెయిన్‌లో మాలగా వైపు ఉండేవాళ్ళు ఇంకోలా చెప్పొచ్చు.

ముందు బీచ్ సంగతి తేల్చేద్దాం. వసంతంలో బీచ్ నడవడానికే గానీ స్నానానికి కాదు. ఏప్రిల్‌లో సముద్రం నీళ్ళు 15, 16 డిగ్రీలకి మించవు. జర్మనీ నుంచి వచ్చిన తాతలు కొందరు ధైర్యంగా దిగుతారు. మనవాళ్ళు పాదాలు తడుపుకుని వెనక్కొచ్చేస్తారు. దాని గురించి బాధపడక్కర్లేదు. జూలైలో కాలు పెట్టడానికి చోటుండని ఇసుకలో వసంతంలో కుక్కలూ, వాటి యజమానులూ, మేమూ తప్ప ఎవరూ ఉండం.

ఇక్కడి వసంతం ఎందుకంత హాయో తెలియాలంటే చలికాలంలో ఇక్కడి ఇళ్ళు ఎలా ఉంటాయో తెలియాలి. ఇవి ఎండని తట్టుకోవడానికి కట్టిన ఇళ్ళు. కింద పలకలు, కిటికీలకి మందపాటి తెరలు, చాలా ఇళ్ళలో హీటింగ్ అంటూ ఏమీ ఉండదు. జనవరిలో మధ్యాహ్నం బయట ఎండ కాస్తుంటుంది, లోపల మాత్రం కాళ్ళు కొంకర్లు పోతాయి. పాతకాలం వాళ్ళు గుండ్రటి బల్ల కింద చిన్న హీటరు పెట్టుకుని, బల్లమీద బరువైన గుడ్డ నేల దాకా కప్పి, అందులో కాళ్ళు దూర్చుకుని కూర్చుంటారు. మేమూ అదే చేస్తాం. ఇంట్లో స్వెటర్ వేసుకుని, వీధిలోకి వెళ్ళేటప్పుడు విప్పడం మార్చిలో ఇక్కడ మామూలు. అందుకే మార్చిలో పెద్దవాళ్ళు ఇంట్లో ఉండరు. ఎండ పడే ప్రతి బెంచీ మీదా ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. మార్చి ఆఖరి ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు. ఆ రోజు నుంచీ రాత్రి 8 దాటాక కూడా వెలుతురు ఉంటుంది. సాయంత్రం పూట వీధిలో ఊరికే అటూ ఇటూ నడవడం ఇక్కడి పెద్దవాళ్ళకి దినచర్య. భోజనం ఎలాగూ తొమ్మిదింటికే కాబట్టి ఎవరికీ తొందర ఉండదు.

ఇంతకీ అసలు ఆనందం కూరగాయల సంతలో ఉంది. నా మాట నమ్మండి, మీ అమ్మగారిని సంతకి తీసుకెళ్తే చాలు, సగం సమస్య తీరిపోతుంది. మార్చిలో ‘ఆబాస్’ వస్తాయి. చిక్కుడు జాతివే, కాయలు జానెడు పొడుగు, లోపల దూదిలాంటి మెత్తటి పొర. లేతగా ఉన్నప్పుడు పచ్చి వెల్లుల్లి కాడలతో, పుదీనాతో కలిపి మగ్గబెడతారు. నేను అల్లం పచ్చిమిర్చి నూరి వేస్తాను. మా పక్కింటి పెద్దావిడకి తోట ఉంది. సంచీ నిండా కాయలు గుమ్మానికి తగిలించి వెళ్ళిపోతుంది, తలుపు కూడా కొట్టదు. బదులుగా నేను కూర గిన్నెలో పెట్టి పంపితే గిన్నె తిరిగొచ్చేటప్పుడు అందులో నిమ్మకాయలుంటాయి. ఈ లావాదేవీ వసంతమంతా నడుస్తుంది.

అదే రోజుల్లో కొండ వాలుల్లో, పాడుబడిన పొలాల గట్ల మీద అడవి ఆస్పరాగస్ మొలుస్తుంది. మన పిల్లితేగల జాతే. ముళ్ళ పొదల మధ్యనుంచి సన్నటి కాడలు పైకొస్తాయి. కర్ర పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళే తాతలు కనిపిస్తారు. ఎక్కడ దొరికాయో అడిగితే మాత్రం చెయ్యి గాల్లో ఊపి ఏదో దిక్కు చూపిస్తారు, అంతే. కాస్త చేదు. గుడ్లలో కొట్టి వండుకుంటారు. కాకరకాయ తినేవాళ్ళకి ఇబ్బందేమీ ఉండదు.

ఏప్రిల్, మే నెలల్లో నీస్పెరో పళ్ళు. ఇక్కడికి దగ్గర్లో కయోసా అనే ఊరు వాటికి పేరు. కొండ వాలంతా చెట్ల మీద వలలు కప్పి ఉంటాయి. పండు నిమ్మకాయంత, నారింజ పసుపు రంగు, పుల్లగా తియ్యగా ఉంటుంది. లోపల నున్నటి గింజలు. తొక్క తీసి వెంటనే తినాలి, లేకపోతే నల్లబడుతుంది. చేత్తో పట్టుకుంటేనే మచ్చ పడే పండు. అందుకే దూరం ఊళ్ళలో దీని రుచి తెలియదు.

ఉగాదికి నాకు ఈ నీస్పెరోనే దిక్కు. ఇక్కడ మార్చిలో పచ్చి మామిడికాయ కావాలంటే ఏదో పెద్ద ఊళ్ళో ఆసియా దుకాణం వెతకాలి. ముందుగా కాపుకొచ్చిన నీస్పెరోలు ఇంకా దోరగా, బాగా పుల్లగా ఉంటాయి. వాటిని సన్నగా తరిగి పచ్చడిలో వేస్తాను. వేపపువ్వు ఇండియా నుంచి ఎండబెట్టి తెచ్చుకున్నదే. ఒక జాగ్రత్త చెప్పాలి. ఇక్కడి వీధుల్లో వేపలాగే కనిపించే చెట్లు బోలెడు. అది కొండవేప. ఏప్రిల్, మే నెలల్లో లేత ఊదా రంగు పూలు పూస్తుంది, చలికాలమంతా ఆకుల్లేని కొమ్మలకి పసుప్పచ్చ కాయలు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఆ కాయలు విషం. పువ్వు కూడా పచ్చడిలో వేయొద్దని మీ అమ్మగారికి వచ్చిన రోజే చెప్పండి.

2026లో ఉగాదీ, ఇక్కడి సాన్ హోసే పండగా ఒకే రోజు, మార్చి 19న పడ్డాయి. వాలెన్సియాలో ఉంటున్నారు కాబట్టి ఆ రోజుతో ముగిసే ఫాయాస్ పండగ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఊళ్ళోనూ చేస్తారు. చెక్కతో, అట్టతో మేడంత బొమ్మలు కట్టి 19 రాత్రి తగలబెడతారు. యునెస్కో 2016లో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. టపాకాయల మోత మాత్రం నాకు పడదు. పగలూ రాత్రీ అదే పని. మీ నాన్నగారికి బీపీ గానీ చెవి మిషన్ గానీ ఉంటే ఆ నాలుగు రోజులూ సందు చివర ఇల్లు చూసుకోండి. నేను ఆ పండగని భరించేది బున్యుయెలోస్ కోసం. గుమ్మడికాయ ఉడికించి పిండిలో కలిపి పులియబెడతారు. వీధిలోనే పెద్ద బాణలి పెట్టి, చెయ్యి తడి చేసుకుని, ముద్ద తీసి, బొటనవేలితో మధ్యలో చిల్లు పెట్టి నూనెలోకి జారుస్తారు. మన గారెలు వేసే పద్ధతే, అంగుళం తేడా లేదు. పైన పంచదార చల్లుతారు. మా అత్తగారు ఒకసారి వచ్చినప్పుడు అక్కడే నిలబడి, వేసే ఆవిడ చేతి ఒడుపు బాగుందని తెలుగులోనే మెచ్చుకుంది. ఆవిడకి అర్థమైంది కూడా.

నడకకి మేం ఎక్కువగా పాత రైలు దారి మీదకి వెళ్తాం. ఒకప్పుడు ఇక్కడి ఎండుద్రాక్ష ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్ళేది. ఆ సరుకు కోసం ఇంగ్లీషు వర్తకులు ఊళ్ళోనే కాపురం పెట్టారు. వాళ్ళ చిన్న శ్మశానం ఇప్పటికీ సముద్రం పక్కన ఉంది. ఈ రైలు 1974లో మూతబడింది. పట్టాలు తీసేసి నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలేశారు. ఇరువైపులా నారింజ తోటలు. ఏప్రిల్‌లో పూత మీద ఉంటాయి. ఆలస్యంగా పండే రకం చెట్లకి ఒకే కొమ్మన పండూ పువ్వూ కలిసి కనిపిస్తాయి. నల్గొండలోనో అనంతపురంలోనో బత్తాయి తోటల దగ్గర పెరిగినవాళ్ళకి ఆ వాసన కొత్త కాదు. మీ నాన్నగారు వ్యవసాయం తెలిసినవారైతే ఇక్కడ ఇంకోటి కూడా చూస్తారు. కోసే కూలి గిట్టుబాటు కాక కాయలు చెట్టుకే వదిలేసిన తోటలు, ఎండిపోయిన తోటలు. పక్కన నడిచే రైతు ఎవరైనా దొరికితే ఆ మాటలు గంట సాగుతాయి. భాష రాకపోయినా ధరల గురించిన బాధ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పుకోవచ్చని మావారు నిరూపించారు.

సాయంత్రం అయిదింటికల్లా చేపల పడవలు రేవుకి వస్తాయి. శని, ఆదివారాలు ఉండవు. రేవులోనే వేలం. అది వ్యాపారులకే. మామూలు వాళ్ళం పడవలు రావడం చూసి, వెనక వెంట పడే సముద్రపు కాకుల గోల విని, తర్వాత దుకాణంలో కొనుక్కుంటాం. ఈ ఊరు ఎర్ర రొయ్యకి పేరు. దాని ధర అడిగి నవ్వేసి ముందుకి పోవడం మా ఆచారం. మాకు కావాల్సింది బొకెరోనెస్, అంటే మన నెత్తళ్ళు. వసంతంలో బాగా పడతాయి, అగ్గువ కూడా. ఇక్కడివాళ్ళు వెనిగర్‌లో నానబెడతారు, లేదా పిండి అద్ది వేయిస్తారు. నేను చింతపండు పులుసు పెడతాను. శాకాహారులైతే ఈ పేరా వదిలేయండి.

ఈస్టర్‌కి ఇక్కడి ప్రత్యేకం మోనా. తియ్యటి రొట్టె, మధ్యలో ఉడికించిన గుడ్డు. ఆదివారం, సోమవారం కుటుంబాలన్నీ మూటలు కట్టుకుని తోటలకో ఇసుకలోకో వెళ్తాయి. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. గుడ్డు పెంకుని పక్కవాళ్ళ నుదుటి మీద టపీమని కొట్టి పగలగొట్టడం ఆనవాయితీ. మా వీధి పిల్లలకి మావారి బట్టతల అంటే మహా ఇష్టం.

తోచకపోవడం గురించి సూటిగా చెప్తాను. తోచకపోవడం ఎక్కువగా మగవాళ్ళకే. ఆడవాళ్ళం సంతలోనూ మెట్ల మీదా ఎవరో ఒకరిని పట్టుకుంటాం. మావారికి దారి చూపింది ఉదయం పదిన్నర టిఫిన్. ‘ఎస్మోర్సారెత్’ అంటారు. రిటైరైన మగవాళ్ళంతా బార్ ముందు ఎండలో చేరి, మూరెడు రొట్టెలో ఆమ్లెట్ పెట్టించుకుని, వేరుశెనక్కాయలు వొలుచుకుంటూ, ఆలివ్‌లు నములుతూ గంటన్నర కూర్చుంటారు. చివర్న రమ్ము మండించి, దాల్చినచెక్క, నిమ్మ తొక్క వేసిన కాఫీ. మామూలు పాల కాఫీ కూడా ఇస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. నాలుగు స్పానిష్ మాటలు వస్తే చాలు, రోజూ అదే బల్ల దగ్గర కనిపించడం ముఖ్యం. వారం పది రోజులకి కుర్చీ వాళ్ళే జరుపుతారు. ఇంగ్లీషు వాళ్ళ క్లబ్బులూ ఉన్నాయి. అక్కడ మాటలు త్వరగానే హాస్పిటల్ అపాయింట్‌మెంట్ల మీదకి పోతాయి. నేను తక్కువ వెళ్తాను.

చికాకులు లేవా అంటే ఉన్నాయి. సహారా నుంచి దుమ్ము వస్తుంది, కలీమా అంటారు. దాని మీద వాన పడితే ఎర్ర బురద. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతకాల్సిందే. ఆస్తమా ఉంటే ఆ రోజు బయటికి రావద్దు. పైన్ చెట్ల కింద గొంగళిపురుగులు ఒకదాని వెనక ఒకటి వరసగా పోతుంటాయి, వాటి నూగు తగిలితే దద్దుర్లే. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా చిన్న దుకాణాలు మూసేస్తారు. ఏప్రిల్‌లో కూడా రెండు మూడు రోజులు కుండపోతగా కురిసే వానలుంటాయి.

మీ అమ్మానాన్నల విషయానికొస్తే, షెన్‌గెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండటానికి లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నన్నడిగితే ఫిబ్రవరి ఆఖరున రప్పించండి, 90 రోజులు దాటకుండా మే ఆఖరి వారంలో పంపేయండి. అంతకంటే ముందు వస్తే చలి ఇల్లు, తర్వాతైతే అద్దెలు మండుతాయి. అక్టోబరు నుంచి మే దాకా ఖాళీగా ఉండే ఇళ్ళు నెలవారీగా దొరుకుతాయి. సముద్రం కనిపించే ఇల్లు వద్దు. తీరం వెంట సగం భవనాలు ఆ నెలల్లో తాళాలేసి ఉంటాయి, పలకరించే దిక్కుండదు. ఊరి మధ్యలో, బేకరీకీ సంతకీ నడిచి వెళ్ళగలిగే చోట, లిఫ్ట్ ఉన్న ఇల్లు చూడండి. ఎండ ఏ వైపు పడుతుందో అడగండి, దక్షిణం వైపు బాల్కనీ ఉంటే ఇంకేం ఆలోచించకండి. వాళ్ళకి నచ్చి ఏడాది పొడుగునా ఉంటామంటే అది వేరే వీసా. ఉద్యోగం చేయకుండా ఉండే ఆ వీసాకి ఇప్పటి లెక్కన నెలకి 2,400 యూరోల ఆదాయం, తోడు వచ్చేవాళ్ళకి ఇంకో 600 చూపించాలి. అదంతా తర్వాతి మాట. ఇంగువ, చింతపండు, ఎండు వేపపువ్వు మాత్రం అక్కణ్ణుంచే తెమ్మనండి. మినప్పప్పు వాలెన్సియాలో మీకు దొరుకుతుంది.